ఎడాపెడా ప్యాచ్ రివ్యూ

బైట్ల వరస మార్చే ప్యాచ్ మీ ముందుకొస్తే మొట్టమొదట చూడవలసింది దాని పొడవు. పొట్టిగా ఉంటే సగం పని అయిపోయినట్టే. 2025లో లినక్స్ కెర్నల్ నెట్‌వర్కింగ్ కోడ్ జనరేటర్‌కి అలాంటిదే ఒకటి వచ్చింది. జనరేటర్ చేతిలో తయారైన కెర్నల్ కోడ్ వరకూ చూస్తే దాని ఫలితం మూడు అట్రిబ్యూట్లు దాటదు. రెండు చోట్ల ఎన్‌ఎల్‌ఏ_యూ16 పోయి ఎన్‌ఎల్‌ఏ_బీఈ16 వచ్చింది, ఒక చోట ఎన్‌ఎల్‌ఏ_యూ32 పోయి ఎన్‌ఎల్‌ఏ_బీఈ32 వచ్చింది. ఒక అక్షరం తీసి రెండక్షరాలు పెట్టినదానికి కళ్లజోడు తుడుచుకోవడం కూడా దండగే. 'రివ్యూడ్-బై' అని కొట్టి, పక్కన పేరు పెట్టి పంపేయండి. ఆ మాట వెనకాల కెర్నల్ పత్రాల్లో ఒక ప్రకటన ఉంది. దీన్ని సాంకేతికంగా పరిశీలించాను, నాకున్న అభ్యంతరాలు రచయితకి చెప్పాను, కెర్నల్‌లో చేరడానికి ఇది తగినదని నమ్ముతున్నాను అని దాని సారాంశం. చదివితే చెయ్యి వణుకుతుంది, కాబట్టి చదవకండి.

ఈ సలహాలివ్వడానికి నువ్వెవరివని అడుగుతారేమో. నేను తిరువొత్తియూరు వాణ్ణి. త్యాగరాజస్వామి తన శిష్యుడు వీణ కుప్పయ్యర్ కోరిక మీద వచ్చి, ఇక్కడి త్రిపురసుందరి మీద అయిదు కృతులు తెలుగులో కట్టారు. ఏ స్వరం ముందు, ఏ స్వరం వెనక అన్న విషయంలో తీర్పు చెప్పే హక్కు మా ఊరి వాళ్లకి అప్పటి నుంచీ ఉందని నా నమ్మకం. ఆఫీసు గిండీలో. మెట్రో మా ఊరి దాకా వచ్చినప్పటి నుంచీ నా రివ్యూలన్నీ రైల్లోనే. తేరడిలో ఎక్కి, కాలడిపేట వచ్చేలోపు ప్యాచ్ తెరిచి, తండయార్‌పేటకి ముందు బండి సొరంగంలో దూరేలోపు జవాబు పంపేయడం నా పద్ధతి. సొరంగంలో సిగ్నల్ ఉంటుందా ఉండదా అన్న అనుమానం మనిషిని త్వరగా నిర్ణయాలు తీసుకునేలా చేస్తుంది.

అసలు గొడవేమిటో కాస్త తెలిసి ఉండటం మంచిదే, టీ కొట్టు దగ్గర చెప్పుకోవడానికైనా. 5555 అనే పోర్టు నంబరు తీసుకోండి. రెండు బైట్లలో పెడితే పెద్ద బైటు 21, చిన్న బైటు 179. ఇరవై ఒకటిని 256తో హెచ్చవేసి 179 కలిపితే 5555. నెట్‌వర్కు మీద ప్రయాణించేటప్పుడు పెద్ద బైటు ముందు వెళ్తుంది. మీ ల్యాప్‌టాప్‌లోని ఎక్స్86 చిప్పు చిన్న బైటుని ముందు పెట్టుకుంటుంది. నెట్‌వర్కు వరసలో వచ్చినదాన్ని తిప్పకుండా చదివితే 179 పెద్దదై కూర్చుంటుంది, 5555 కాస్తా 45845 అవుతుంది. ఈ రెండు పక్షాలకీ బిగ్ ఎండియన్, లిటిల్ ఎండియన్ అని పేర్లు పెట్టినవాడు డానీ కోహెన్. 1726లో జోనథన్ స్విఫ్ట్ రాసిన గలివర్ కథలో గుడ్డుని ఏ కొస నుంచి పగలగొట్టాలన్నదాని మీద యుద్ధాలు చేసుకున్న జనం నుంచి ఆ పేర్లు తెచ్చాడు. ఏ వరసైనా సరే, అందరూ ఒక్కటే పాటించండి మహాప్రభో అన్నది ఆయన మొర. ఆ పత్రం మీద తేదీ 1980 ఏప్రిల్ 1. తేదీ చూసి ఎవరూ పట్టించుకోలేదేమో మరి. ఇంటర్నెట్ ప్రోటోకాల్ పత్రం 1981లో పెద్ద బైటే ముందు అని ఖాయం చేసింది. చిప్పుల్లో ఎక్కువ భాగం ఆ తర్వాత చిన్న బైటు పక్షానికే చేరాయి. ఇంటెల్ వంశంలో ఈ అలవాటుకి మూలం డేటాపాయింట్ 2200 అనే పాత యంత్రం. అది ఒకసారికి ఒక్కొక్క బిట్టు చొప్పునే కూడేది. కూడికలో మిగులు చిన్న అంకె నుంచి పెద్ద అంకెకి పోతుంది కదా, అందుకని చిన్న బైటు ముందు రావడం దానికి సౌకర్యం. దానికోసం తలపెట్టిన చిప్పే 1972లో 8008 అయింది. ఆ యంత్రం పోయి ఎంత కాలమైందో, దాని సౌకర్యం కోసం మనం ఇప్పటికీ బైట్లు తిప్పుతూనే ఉన్నాం.

మద్రాసు వాళ్లకి ఇదేమీ వింత కాదు. మా వీధిలో గేటు గేటుకీ రెండు నంబర్లుంటాయి, ఒకటి పాతది, ఒకటి కొత్తది. మధ్యలో గీత పెట్టి 12/45 అని రాస్తారు. ఏది ముందు రాశారో గేటుకీ తెలియదు, కవరుకీ తెలియదు. పాత పోస్ట్‌మ్యాన్ ఒక ఇంటికి పోతాడు, కొత్త కొరియర్ కుర్రాడు ఇంకో ఇంటికి పోతాడు. 14/14 ఉన్న ఇంటికి మాత్రం ఎవరొచ్చినా సరిగ్గానే వస్తారు, ఆ ఇంటాయన తపాలా శాఖని ఏనాడూ పల్లెత్తు మాట అనడు.

పరీక్షకి ఎప్పుడూ ఆ ఇంటినే ఎంచుకోండి. పోర్టు నంబరు కావాలంటే 514 వాడండి. దాని రెండు బైట్లూ 2, 2. తిప్పినా అదే, తిప్పకపోయినా అదే. సిస్‌లాగ్ వాడే నంబరు కూడా కాబట్టి ఇదెక్కడ దొరికిందని ఎవరూ అడగరు. ఐపీ అడ్రసు కావాలంటే 10.0.0.10 బ్రహ్మాండంగా ఉంటుంది. 127.0.0.1 జోలికి మాత్రం పోకండి, తప్పు జరిగితే 1.0.0.127 అని తల్లకిందులై కనిపిస్తుంది, ఎవరైనా చూస్తే పరువు పోతుంది. సున్నా అన్నిటికంటే శ్రేష్ఠం. పరీక్షలన్నీ పచ్చగా పాసవుతాయి, వాటిని 'టెస్టెడ్-బై' కింద వేసుకుంటే ఒకే ప్యాచ్ మీద మీ పేరు రెండోసారి కూడా వస్తుంది.

ఇక జనరేటర్ సంగతి. యూజర్‌స్పేస్ ప్రోగ్రాములు కెర్నల్‌తో నెట్‌వర్కు వ్యవహారాలు మాట్లాడుకునే దారి నెట్‌లింక్. అందులో పోయే ప్రతి అట్రిబ్యూట్ ఏ రకానిది, ఎంత పొడవుండాలి, ఏ హద్దుల్లో ఉండాలి అని కెర్నల్ వైపు ఒక పాలసీ పట్టిక ఉంటుంది. గుమ్మం దగ్గరే తనిఖీ అన్నమాట. ఇదివరకు ఎవరి పట్టిక వాళ్లు చేత్తో రాసుకునేవారు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన 6.3 నుంచీ యామల్ భాషలో స్పెక్ ఒకటి రాసి, దాని నుంచి పైథాన్ ప్రోగ్రాముతో పట్టికలూ యూజర్‌స్పేస్ కోడూ పుట్టించే ఏర్పాటు మొదలైంది. దాన్ని తెచ్చినవాడు నెట్‌వర్కింగ్ మెయింటెయినర్లలో ఒకడైన యాకుబ్ కిచిన్స్కీ. ఒక అట్రిబ్యూట్ పెద్ద బైటు వరసలో వస్తుందని ఆ స్పెక్‌లో చెప్పడానికి ఒక గుర్తుంది. కెర్నల్ పట్టిక తయారు చేసేటప్పుడు జనరేటర్ ఆ గుర్తుని పట్టించుకునేది కాదు, మామూలు యూ16 అనే రాసేసేది. పట్టించుకునేలా చేసిందే మన ప్యాచ్.

దీనిలో మీరు చదవాల్సింది ఏదీ లేదు. యంత్రం తయారు చేసిన ఫైలు యంత్రమే రాసింది కాబట్టి చదవనక్కర్లేదు. జనరేటర్ పైథాన్‌లో ఉంది, మీరు సీ మనిషి, కాబట్టి అదీ చదవనక్కర్లేదు. స్పెక్ అంటారా, అది డాక్యుమెంటేషన్ ఫోల్డర్లో ఉంది. డాక్యుమెంటేషన్ ఎవరు చదువుతారు?

కాస్త ఉత్సాహం ఎక్కువున్నవాళ్లు ఇంకో అడుగు వేయవచ్చు. ఇంత తతంగం ఎందుకయ్యా, పుట్టిన ఫైల్లోనే మూడు మాటలు చేత్తో దిద్దేస్తే పోయేదిగా అని రచయితకి బోధించండి. ఆ ఫైలు నెత్తిన దీన్ని నేరుగా దిద్దకండి అని రాసి ఉంటుంది. నేరుగా వద్దన్నారు, సెడ్ కమాండ్‌తో వద్దనలేదు. తర్వాత ఎవరో ఆ ఫైళ్లని మళ్లీ పుట్టించే రీజెన్ స్క్రిప్టుని నడిపించిన క్షణాన మీ దిద్దుబాట్లు తుడిచిపెట్టుకుపోతాయి. పోనివ్వండి, మళ్లీ దిద్దితే మళ్లీ ఒక ప్యాచ్.

రివ్యూలో గట్టి ప్రశ్న ఒకటైనా అడగాలనుకునే వారికి నా దగ్గరొకటి సిద్ధంగా ఉంది: ఇది ఏ బగ్గుని సరిచేస్తోంది? ఈ ప్యాచ్ విషయంలో రచయిత నిజాయితీపరుడైతే ఏ బగ్గునీ కాదనే చెప్పాలి. హద్దులేమీ పెట్టని యూ16 పట్టికలో కెర్నల్ చూసేది రెండు బైట్ల పొడవుందా లేదా అన్నది మాత్రమే. వరస ఏదైనా రెండు బైట్లు రెండు బైట్లే. అలా ఎవరికీ నొప్పి లేకుండా బండి నడిచిపోయింది. నొప్పి లేనప్పుడు మందెందుకని కొట్టిపారేయండి.

ఆ మందు దేనికో చెబుతాను, మీరు మాత్రం వాడొద్దు. రేపెవరో స్పెక్‌లో ఈ పోర్టు 1023 దాటకూడదని హద్దు పెడతారనుకోండి. వినియోగదారు 80 పంపుతాడు, నెట్‌వర్కు వరసలో, బైట్లు 0, 80. పట్టికలో యూ16 అని ఉంటే లిటిల్ ఎండియన్ యంత్రం మీద తనిఖీదారు దాన్ని 20480గా చదివి, హద్దు దాటావంటూ గెంటేస్తాడు. నిజంగానే 20480 పంపినవాడు మాత్రం 80గా కనబడి దర్జాగా లోపలికి పోతాడు. బీఈ16 అని ఉంటే తనిఖీకి ముందే బైట్లు తిప్పి చూసుకుంటాడు, ఎవరి లెక్క వాళ్లకి సరిపోతుంది. ఈ చిక్కుని బయటపడకుండా దాచుకోవాలంటే హద్దుని 'కనీసం 1' అని మాత్రమే పెట్టమనండి. సున్నా ఎటు తిప్పినా సున్నాయే, మిగతావి ఎటు తిప్పినా సున్నా కావు. తప్పు పట్టిక మీద ఒప్పు జవాబు వచ్చే హద్దు ఇది. దీన్నే ఉదాహరణగా చూపించి, చూశారా, పాత పద్ధతి భేషుగ్గా పనిచేస్తోంది అనండి.

ఇక నా సలహాల్లోకెల్లా ఖరీదైనది. అట్రిబ్యూట్ పేరు చూసి తీర్పు చెప్పండి. ఆ బైట్లని ఎవరు నింపుతున్నారో, ఎవరు తీసి చదువుతున్నారో వెతుక్కుంటూ పోవద్దు.

ఈ ప్యాచ్ తాకిన వాటిలో రెండు ఫూ అనే టన్నెల్‌వి. యూడీపీలో ఇతర ప్యాకెట్లని చుట్టి పంపే ఏర్పాటు అది, 2014 చివర్లో 3.18తో వచ్చింది. కమాండ్ లైన్లో పోర్టు 5555 అని కొడితే ఐపీ పనిముట్టు దాన్ని పెద్ద బైటు వరసలోకి మార్చి నెట్‌లింక్‌లో పెడుతుంది, కెర్నల్ అవతల బీఈ16గానే తీసుకుంటుంది. స్పెక్ కూడా అదే చెబుతోంది. మూడూ ఒక్క మాట మీద ఉన్నాయి. మూడో అట్రిబ్యూట్ ఒకే కనెక్షన్‌ని అనేక దారుల్లో నడిపే మల్టీపాత్ టీసీపీది, దాని ఐపీవీ4 అడ్రసు. అదీ పెద్ద బైటు వరసే, తీసేదీ అలాగే తీస్తుంది. ప్యాచ్ రాసిన మనిషి కూర్చుని ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా తీసేచోటా పెట్టేచోటా సరిచూసి, చూశానని ప్యాచ్ వివరణలో రాసి మరీ పంపాడు. అలాంటివాళ్ల వల్లే రివ్యూ చేసేవాడికి పని లేకుండా పోతోంది.

ఆ అడ్రసు పక్కనే, అదే అట్రిబ్యూట్ల గుంపులో, పోర్టు అని ఇంకొకటుంది. మీ సువర్ణావకాశం అదే. అయ్యా, ఫూలో పోర్టుని బీఈ చేశారు, మల్టీపాత్‌లో అడ్రసుని బీఈ చేశారు, మరి మల్టీపాత్ పోర్టుని ఎందుకు వదిలేశారు, మరిచిపోయినట్టున్నారే అని వినయంగా రాయండి. చదివిన నలుగురూ ఔరా, ఎంత నిశితమైన చూపు అనుకుంటారు. తీసే కోడ్ దాకా పోయి చూస్తే కదా తెలిసేది! కెర్నల్‌లోని మల్టీపాత్ కోడ్ ఆ పోర్టుని మామూలు యూ16గా, యంత్రం సొంత వరసలో తీసుకుంటుంది. తర్వాత తనే హెచ్‌టుఎన్‌ఎస్‌తో తిప్పుకుని లోపల దాచుకుంటుంది. అడ్రసేమో ఒక వరసలో, దాని పక్కనున్న పోర్టేమో ఇంకో వరసలో. ఎందుకలా అంటే మొదట రాసినప్పుడు అలా కుదిరింది. యూజర్‌స్పేస్‌తో ఒకసారి ఒప్పందం కుదిరాక దాన్ని మార్చే ఆచారం కెర్నల్లో లేదు, అందవికారంగా ఉన్నా సరే.

మీ మాట విని స్పెక్‌లో ఆ పోర్టుకి కూడా పెద్ద బైటు గుర్తు తగిలించారనుకోండి. స్పెక్ చూసి బైట్లు తిప్పి పంపే పైథాన్ పనిముట్టు 5555ని తిప్పి పంపుతుంది. కెర్నల్ దాన్ని సొంత వరస అనుకుని 45845గా చదువుతుంది. తప్పని ఎవరూ అరవరు. 45845 కూడా పోర్టే కదా, నిక్షేపంలాంటి పోర్టు. అవతలి యంత్రాన్ని 5555 మీదే తలుపు తట్టమని ఏర్పాటు చేసి ఉంటే అది అక్కడే తడుతూ ఉంటుంది, ఇవతలిది 45845 దగ్గర చెవి ఒగ్గి కూర్చుంటుంది. రెండో దారి కలవదు, మొదటి దారి మీద కనెక్షన్ నడిచిపోతూనే ఉంటుంది, కొంచెం నెమ్మదిగా. నెట్‌వర్కు స్లోగా ఉందని ఫిర్యాదు వస్తే కేబుల్ మార్చి చూడమంటారు. ఇంత చక్కగా దాక్కునే బగ్గు మామూలు తెలివితేటలకి అందదు, దానికి సమానత్వం మీద అపారమైన ప్రేమ ఉండాలి.

ఆ ప్రేమనే ఇంకా పొడిగించవచ్చు. ఫూలోనే ప్రోటోకాల్ నంబరు యూ8 అని ఉంటుంది. అన్నిటికీ బీఈ ఉండగా దానికెందుకు లేదని ఎన్‌ఎల్‌ఏ_బీఈ8 కోరండి. ఒకే బైటులో ముందేది వెనకేది అని ఎవరైనా అడిగితే, ఏకరూపత అనండి. ఐపీవీ6 అడ్రసుకి బీఈ128 అడగండి. అది అంకె కాదు, పదహారు బైట్ల ముద్ద, దానిని ఎవరూ తిప్పరు అని విసుక్కుంటారు, మీరు మాత్రం చిరునవ్వు గుర్తు పెట్టండి. బీఈ64 అడగడం కాస్త గౌరవప్రదం, ఎందుకంటే 2022లో ఈ రకాలు కెర్నల్‌లోకి వచ్చినప్పుడు 16, 32 మాత్రమే చేర్చారు. దాన్ని ఇదే ప్యాచ్‌లో చేర్చాలి, లేకపోతే ఒప్పుకోను అనాలి. వాడేవాళ్లెవరని అడిగితే భవిష్యత్తులో వాడతారు అనాలి.

2022 అంటే గుర్తొచ్చింది. బైట్ల వరసకి విడిగా రకాలెందుకు, పాలసీ పట్టికలో ఒక జెండా బిట్టు పెడితే సరిపోదా అని మీ సొంత ఆలోచనలా ఒకటి విసరండి. అది అప్పుడే చేసి చూశారు. పట్టికలోని ప్రతి పద్దు సైజు 32 బిట్ యంత్రాల మీద పెరిగిపోయిందని గమనించి, దాన్ని తీసేసి, బీఈ రకాలు తెచ్చారు. ఇదంతా గిట్ చరిత్రలో ఉంటుంది. అందులో వెతికితే కొత్త ఆలోచనలకి చోటుండదు కాబట్టి వెతక్కండి.

స్పార్స్ గురించి రెండు ముక్కలు. 2003లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన పనిముట్టు అది. పెద్ద బైటు వరసకి, మామూలు అంకెకి వేరు వేరు రకాలు పెట్టి, ఒకదాన్ని ఇంకొకదానిలో పోస్తే హెచ్చరిస్తుంది. హెచ్చరిక వస్తే దాని ముందు 'ఫోర్స్' అనే గుర్తు పెట్టి నోరు మూయించండి, ఇదే సులువు. హెచ్చరిక రాకపోతే ఇంకా సులువు, స్పార్స్ శుభ్రంగా ఉంది అని రాసి నిద్రపోండి. పాలసీ పట్టికలో ఏ రకం రాశారో, అట్రిబ్యూట్‌ని తీసే చోట ఏ ఫంక్షన్ పిలిచారో, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం స్పార్స్‌కి చేతకాదు. దాని దృష్టిలో పట్టికలోనిది ఉత్త సంఖ్య. ఈ ప్యాచ్‌లో తప్పు జరిగే చోటల్లా దాని కళ్లకి కనపడని చోటే. ఇది తెలిసినవాళ్లు స్పార్స్ మాట ఎత్తరు, తెలియనివాళ్లు మెచ్చుకుంటారు. మీకు కావలసింది రెండో వర్గం.

పరీక్ష ఏ యంత్రం మీద చేయాలి? మీ ల్యాప్‌టాప్ మీద చాలు. పంపేదీ మీ కోడే, అందుకునేదీ మీ కోడే అయితే మరీ మంచిది, రెండు వైపులా ఒకే తప్పు చేస్తే రెండూ చెల్లిపోతాయి. లేదు, నేను పెద్దవాణ్ణి, బిగ్ ఎండియన్ మీదే పరీక్షిస్తాను అంటారా, ఐబీఎం వాళ్ల ఎస్390 ఉంది, క్యూఈఎంయూ ఎమ్యులేటర్లో నడుస్తుంది. దాని మీద సొంత వరసా నెట్‌వర్కు వరసా ఒక్కటే. తిప్పాల్సిన చోట తిప్పకపోయినా, వద్దన్న చోట తిప్పినా అది ఏమీ అనుకోదు, ఎందుకంటే అక్కడ తిప్పే ఫంక్షన్ ఏమీ చేయదు. అక్కడ మాత్రమే పరీక్షించి, నేను బిగ్ ఎండియన్ మీద కూడా చూశాను అని రాయండి. ఆ 'కూడా' అన్న మాట చాలా బరువు మోస్తుంది. అటక మీద పాత వైఫై రౌటర్ ఏదైనా ఉంటే, అందులో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఏటీహెచ్79 రకం మిప్స్ చిప్పు ఉంటే, అదీ బిగ్ ఎండియనే. దించి దుమ్ము దులపండి, ఫొటో తీసుకోండి, మళ్లీ అటకెక్కించండి. అదే 5555ని ఎక్స్86 మీదా దాని మీదా పంపి రెండు జవాబులూ పోల్చి చూసే పని మాత్రం పెట్టుకోకండి, తేడా ఉంటే ఇట్టే బయటపడుతుంది.

రచయిత ఇంకో మాట కూడా రాశాడు. యూజర్‌స్పేస్ వైపు పుట్టే కోడ్‌ని ప్యాచ్‌కి ముందూ తర్వాతా తయారు చేయించి పోల్చి చూశాడట, అక్షరం కూడా మారలేదట. నిజానికి సీలో పుట్టే యూజర్‌స్పేస్ కోడ్‌లో ఈ గుర్తుకి దక్కే గౌరవం పక్కన ఒక కామెంటు, అంతే. తిప్పుకోవాల్సింది వాడేవాడే. మారకూడనిది మారలేదని చూపించడం జనరేటర్ ప్యాచ్‌కి ప్రాణం లాంటి రుజువు. మీరు దాన్ని ఇలా వాడుకోండి: ఏమీ మారనప్పుడు ప్యాచ్ ఎందుకు?

మర్యాదల సంగతి క్లుప్తంగా చెబుతాను. నెట్‌వర్కింగ్ వాళ్ల దగ్గర సీ ఫంక్షన్లలో లోకల్ వేరియబుల్స్‌ని పొడుగు వరస నుంచి పొట్టి వరసకి పేర్చే ఆచారం ఉంది. జనరేటర్ పైథాన్ అయినా సరే అదే కోరండి. సవరించిన ప్యాచ్ పంపడానికి కనీసం 24 గంటలు ఆగాలని నియమం. అంచేత మీ అభ్యంతరాలన్నీ ఒకేసారి చెప్పేయకుండా రోజుకొకటి చొప్పున వదలండి. మొదటి రోజు వివరణలో కామా, రెండో రోజు పేరు, మూడో రోజు మర్జ్ విండో తెరుచుకుని, కొత్త ప్యాచ్‌లు తీసుకునే నెట్-నెక్స్ట్ మూసుకుపోతుంది, ఇక రెండు వారాలు మీకు సెలవు. జవాబులు రాత్రి రెండింటికి రాయండి. ఎన్నూరు ఎక్స్‌ప్రెస్‌వే మీద కంటైనర్ ట్రెయిలర్ల రొద తగ్గే వేళ అది, యూరప్ వాళ్లు ఇంకా మేలుకునే ఉంటారు, ఈయనకి నిద్ర కూడా లేదు పాపం అనుకుంటారు.

ఇంత చేశాక కూడా ఏడాదికో రెండేళ్లకో ఎవరో ఒకరు 45845 దగ్గర తలపట్టుకుని కూర్చుని, వెనక్కి తవ్వుకుంటూ వచ్చి, మీరు పట్టుబట్టి పెట్టించిన ఆ ఒక్క గుర్తు దగ్గర ఆగుతారు. 'ఫిక్సెస్' అని రాసి, పక్కన పాత కమిట్ సంఖ్యలో మొదటి పన్నెండు అక్షరాలు పెట్టి, దాన్ని తీసేసే ప్యాచ్ పంపుతారు. కంగారు పడకండి, ఆ వరసలో మీ పేరుండదు. వెంటనే ఆ ప్యాచ్‌కి కూడా 'రివ్యూడ్-బై' ఇచ్చేయండి. ప్రతి కెర్నల్ విడుదలకీ ఎవరెన్ని రివ్యూలు చేశారో ఎల్‌డబ్ల్యుఎన్ పత్రిక పట్టిక వేస్తుంది. పెట్టించినదొకటి, తీయించినదొకటి, మీ ఖాతాలో రెండు.